మన పైసలే గదా!

"మన పైసలే గదా, యాడికి వోతయ్?" అన్నారు మా ఆయన, హోటల్ కౌంటర్ మీద కార్డు పెడుతూ.

విశాఖపట్నంలో పొద్దున్నే రైలు దిగి, ఆటో మాట్లాడుకుని, సముద్రానికి దగ్గరలో ఉన్న ఒక మధ్యరకం హోటల్‌కు చేరాం. రాత్రంతా ప్రయాణం. అత్తమ్మ కాళ్ళు వాచి ఉన్నాయి. ఎప్పుడు గదిలో పడతామా అని చూస్తుంటే, కౌంటర్‌లో అబ్బాయి మిగిలిన అద్దెతో పాటు ఇంకో నాలుగు వేలు కట్టాలన్నాడు. గదికి రెండు వేలు చొప్పున డిపాజిట్ అట. వెళ్ళేటప్పుడు తిరిగి ఇస్తారట.

సోఫాలో కూర్చున్న అత్తమ్మకు ఆ మాటలు వినబడ్డాయి. "అద్దె కట్టినం గద బిడ్డా, మల్ల ఇవేంటివి?" అని నన్నడిగింది.

"వాపస్ ఇస్తరట అత్తమ్మా."

"ఇచ్చేటియైతే తీసుకునుడెందుకు?"

ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. కార్డు గీకారు, కాగితం మీద సంతకం అయింది, ఫోన్ టింగుమంది. మేం పైకి వెళ్ళిపోయాం. ఆ నాలుగు వేల గురించి ఇంత రాయాల్సి వస్తుందని అనుకోలేదు.

ముందు ఈ ప్రయాణం లెక్క చెప్తాను. ఇంటి లెక్కలు చూసేవాళ్ళు మీరంతా, మీకు అర్థమవుతుంది.

మాది పూడూరు. వికారాబాద్ జిల్లా. మా అత్తమ్మకు డెబ్బై దాటాయి. అనంతగిరి పద్మనాభస్వామిని, దామగుండం రామలింగేశ్వరుణ్ణి ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదు గానీ, సముద్రం మాత్రం చూడలేదు. టీవీలో సముద్రం కనబడితే చాలు, "గా నీళ్ళకు ఒడ్డు అవుతలి దిక్కు ఉంటదా?" అని అడుగుతుంది. అందుకని చిట్టీ పాడి 24,000 తీసుకున్నాను. ఐదుగురం. నేను, మా ఆయన, డిగ్రీ చదివే కొడుకు, పదో తరగతి బిడ్డ, అత్తమ్మ. పోయిన దసరా సెలవుల్లో బయల్దేరాం.

రానూపోనూ స్లీపర్ టికెట్లు 4,400. మా అబ్బాయి ఫోన్‌లో రెండు గదులు మూడు రాత్రులకు బుక్ చేశాడు. గదికి రోజుకు 1,100 అంటే మొత్తం 6,600. అందులో 2,000 ముందే కట్టాం. అత్తమ్మకు కొత్త చెప్పులు, దారిలోకి సకినాలు, పులిహోర, సికింద్రాబాద్ దాకా బస్సులు, ఆటోలు అన్నీ కలిపి 1,500. ఇవన్నీ పోగా మిగిలింది 16,100. ఖాతాలో 12,100, నా పర్సులో 4,000. హోటల్‌కు ఇంకా కట్టాల్సిన 4,600 పక్కన పెడితే తిండికి, తిరగడానికి, అరకుకు బండి మాట్లాడుకోవడానికి 11,500. నోట్‌బుక్‌లో గీతలు కొట్టి, ఒక్కో రోజుకు పంచి రాసుకున్నాను. అందులో అడ్డం తిరిగే ఖర్చుకు కూడా ఒక వెయ్యి పెట్టాను. నేనేం తెలివి తక్కువగా వెళ్ళలేదు.

డిపాజిట్ అనే గీత మాత్రం ఆ నోట్‌బుక్‌లో లేదు. ఎందుకంటే అది ఖర్చు కాదు. ఖర్చు కానిదాన్ని ఖర్చుల్లో ఎవరు రాస్తారు?

మొదటి రోజు బాగా గడిచింది. రామకృష్ణా బీచ్‌లో అత్తమ్మ నీళ్ళలోకి దిగి, దోసిలితో నీళ్ళు తీసుకుని నెత్తి మీద చల్లుకుంది. పిల్లలు కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళొచ్చారు. ఆటోలు, భోజనాలు, టికెట్లు అన్నీ కలిపి 2,900 అయింది. చేతిలో 1,100. పర్వాలేదు, ఖాతాలో ఉన్నాయి కదా అనుకున్నాను.

ఆ రాత్రి రెండింటికి అత్తమ్మకు వాంతులు మొదలయ్యాయి. చెమటలు పట్టి, కళ్ళు తేలేసింది. షుగర్, బీపీ రెండూ ఉన్న మనిషి. ఆటోలో దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. ఈసీజీ తీశారు, రక్త పరీక్షలు చేశారు, సెలైన్ ఎక్కించారు. గుండెకు ఏం కాలేదు, ఎండకు, మారిన తిండికి ఒళ్ళు తట్టుకోలేదన్నారు. తెల్లవారేసరికి తేరుకుంది. బిల్లు 5,200.

ఖాతాలో ఎంతుంది? 12,100లో అద్దె 4,600, డిపాజిట్ 4,000 పోయి 3,500. చేతిలో 1,100. మొత్తం 4,600. ఆరు వందలు తక్కువ.

రెండు వీధుల అవతల హోటల్‌లో మా నాలుగు వేలు ఉన్నాయి. మా ఆయన పరుగున వెళ్ళి అడిగారు. రాత్రి డ్యూటీ అబ్బాయి మర్యాదగానే చెప్పాడట. గది ఖాళీ చేశాకే ఇస్తాం, అది కూడా కార్డుకే వేస్తాం, ఏడు పనిదినాలు పడుతుంది అని. "సార్, మీ డబ్బులు ఎక్కడికీ పోవు" అని కూడా అన్నాడట. అదే మాట. కౌంటర్ దగ్గర మా ఆయన అన్న మాటే.

ఆయన ఖాళీ చేతులతో తిరిగి వచ్చేసరికి, మంచం మీద పడుకున్న అత్తమ్మ నడుముకు కట్టుకున్న సంచి విప్పుతోంది. ఆసరా పింఛన్ 2,016లో నెలనెలా కొంచెం మిగిలించి, సింహాచలం అప్పన్న హుండీలో వేద్దామని తెచ్చుకున్న పైసలు. మడతలు పడ్డ నోట్లు ఒక్కొక్కటి లెక్కపెట్టి ఆరు వందలు నా చేతిలో పెట్టింది. "అప్పన్నకు తర్వాత ఇస్త తియ్యి" అంది.

నేను చాలాసార్లు అప్పు చేశాను, తీర్చాను. కానీ నా డబ్బు ఒకచోట ఉండగా, చేయి చాచి ముసలి మనిషి మొక్కు డబ్బు తీసుకోవడం అదే మొదటిసారి. పొద్దున మా తమ్ముడికి ఫోన్ చేస్తే ఫోన్‌పేలో మూడు వేలు పంపాడు. మొట్టమొదట అత్తమ్మ ఆరు వందలు అత్తమ్మకు ఇచ్చేశాను. సింహాచలం వెళ్ళాం. అరకు వెళ్ళలేదు. పిల్లలు ఏమీ అనలేదు. పెద్దవాళ్ళయ్యారు.

హోటల్ ఖాళీ చేసే రోజు తువ్వాలు మీద పసుపు మరక ఉందని 250 పట్టుకున్నారు. అత్తమ్మ కాళ్ళకు పసుపు రాసుకుంటుంది, మరక మాదే, ఒప్పుకుంటాను. రసీదు అడిగితే "సిస్టంలో ఉంది మేడమ్" అన్నారు. మిగిలిన 3,750 మేం ఇంటికి వచ్చాక, కట్టిన నాటి నుంచి పదకొండో రోజున ఖాతాలో పడ్డాయి. నిజమే, మన పైసలు ఎక్కడికీ పోలేదు. మనకు కావాల్సిన రాత్రి మాత్రం లేవు.

నేను చెప్పాలనుకున్నది ఇదే. "మన పైసలే" అన్న మాట, లెక్క చూసుకోనక్కర లేని వాళ్ళ మాట. ఖాతాలో లక్ష ఉన్నవాడికి నాలుగు వేలు పదకొండు రోజులు ఆగితే ఆ సంగతే తెలియదు. పన్నెండు వేలతో బయల్దేరిన ఇంటికి నాలుగు వేలు ఆగితే మూడో వంతు పోయినట్టే. పోపుల డబ్బాలో పది రూపాయలు దాచే ఏ ఆడమనిషినైనా అడగండి, డబ్బు ఉండటం వేరు, చేతికి అందడం వేరు అని చెప్తుంది. బ్యాంకులో బంగారం కుదవ పెట్టి పెళ్ళికి బోడి మెడతో వెళ్ళిన వాళ్ళకు ఇది ఇంకా బాగా తెలుసు. ఆ బంగారం కూడా మనదే, ఎక్కడికీ పోలేదు.

అలాగని డిపాజిట్ అసలే వద్దనడం లేదు. డిపాజిట్లు మనకు కొత్త కాదు. గ్యాస్ కనెక్షన్ తీసుకుంటే సిలిండర్‌కు డిపాజిట్ కడతాం. 14.2 కిలోల సిలిండర్‌కు అది 1,450 ఉండేది, 2022 జూన్‌లో 2,200 చేశారు. రెగ్యులేటర్‌కు వేరుగా 250. కానీ ఆ మొత్తం దేశమంతటికీ తెలుసు. కట్టినందుకు వోచర్ ఇస్తారు, ఆ కాగితాన్ని మనం రేషన్ కార్డుతో పాటు బీరువాలో దాచుకుంటాం. కనెక్షన్ వదులుకున్న రోజు ఆ కాగితం చూపించి డబ్బు తెచ్చుకుంటాం.

ఊళ్ళో పెళ్ళికి టెంట్ హౌస్ నుంచి గుండిగలు, గరిటెలు, కుర్చీలు తెస్తే అడ్వాన్స్ ఇస్తాం. తిరిగి ఇచ్చేటప్పుడు మన కళ్ళ ముందే లెక్కపెడతాడు. రెండు గరిటెలు తగ్గితే రెండు గరిటెల డబ్బు పట్టుకుని మిగతావి అక్కడికక్కడే చేతిలో పెడతాడు. తిరుమలలో గది తీసుకున్నా అద్దెతో పాటు కాషన్ డిపాజిట్ కట్టాలని వెళ్ళేవాళ్ళందరికీ తెలుసు. తెలుసు కాబట్టి సరిపడా సర్దుకునే వెళ్తాం.

వీటన్నిటిలో ఒకటే పోలిక. ఎంత కట్టాలో ముందే తెలుసు, ఎప్పుడు తిరిగి వస్తుందో కూడా తెలుసు. హోటల్ దగ్గర నాకు ఈ రెండూ తెలియలేదు.

ఇంటికి వచ్చాక మా అబ్బాయి చేత ఆ బుకింగ్ పేజీ మళ్ళీ తెరిపించాను. గది బొమ్మలు, ధర, రాయితీ, అన్నీ పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. అట్టడుగున హోటల్ నియమాలు అని ఒక చోట నొక్కితే, పిల్లి అనుమతి, కుక్క అనుమతి లాంటి వాటి మధ్య ఒక ఇంగ్లీషు వాక్యం ఉంది. వచ్చినప్పుడు సెక్యూరిటీ డిపాజిట్ కట్టవలసి రావచ్చు అని దాని అర్థం. తెలుగు బి.ఏ. చదివినదాన్ని, క్రియ మీదికి కన్ను పోతుంది. "కట్టాలి" కాదు, "కట్టవలసి రావచ్చు". ఎంత కట్టాలో లేదు, ఎన్నాళ్ళకు ఇస్తారో లేదు. వాన రావచ్చు అన్నట్టు ఉంది. రాసేశాం కాబట్టి చెప్పేశామనుకోవడానికి తప్ప ఆ వాక్యం ఎవరికీ ఉపయోగపడదు.

తర్వాత తెలిసినవాళ్ళను, బ్యాంకులో పనిచేసే ఒకామెను అడిగి కొన్ని సంగతులు తెలుసుకున్నాను. మీకు పనికొస్తాయని రాస్తున్నాను.

హోటళ్ళు డిపాజిట్ మూడు రకాలుగా తీసుకుంటాయి. ఒకటి నగదు. వెళ్ళేటప్పుడు నగదుగానే ఇస్తారు. మనలాంటి వాళ్ళకు ఇదే సుఖం, కాకపోతే రసీదు తప్పకుండా తీసుకోవాలి. రెండోది, మామూలు కొనుగోలు లాగే కార్డు గీకడం లేదా యూపీఐలో తీసుకోవడం. డబ్బు నిజంగానే మన ఖాతాలోంచి హోటల్ ఖాతాకు వెళ్ళిపోతుంది. ఫోన్‌లో "డెబిట్" అని వస్తుంది. ఇది తిరిగి రావాలంటే హోటల్ వాళ్ళు రీఫండ్ పెట్టాలి, అది బ్యాంకులు దాటి రావాలి. అందుకే రోజులు పడతాయి. మాకు జరిగింది ఇదే.

మూడోది హోల్డ్. ప్రీ ఆథరైజేషన్ అంటారు. డబ్బు మన ఖాతాలోనే ఉంటుంది గానీ బ్యాంకు దానికి తాళం వేస్తుంది. పెద్ద హోటళ్ళలో, విదేశాల్లో ఎక్కువగా ఇదే పద్ధతి. క్రెడిట్ కార్డు మీద హోల్డ్ పడితే వాడుకునే పరిమితి తగ్గుతుంది, అంతే. డెబిట్ కార్డు మీద పడితే మన పాలు, కూరగాయల డబ్బే ఆగిపోతుంది. మరో చిక్కు ఉంది. గది ఖాళీ చేసేటప్పుడు ఆ హోల్డ్ నుంచే బిల్లు తీసుకోమని అడగాలి. అలా కాకుండా బిల్లుకు మళ్ళీ కొత్తగా కార్డు గీకి, పాత హోల్డ్‌ను రద్దు చేయడం మరిచిపోతే, బిల్లు డబ్బు పోతుంది, హోల్డ్ డబ్బు కూడా కొన్నాళ్ళు తాళంలోనే ఉండిపోతుంది.

మా చెల్లె బిడ్డ ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్ళినప్పుడు ఇలాగే అయింది. తీసుకున్న గది ఇంకా చేతికి రాలేదని మొదటి రెండు రాత్రులు హోటల్‌లో దిగింది. అక్కడి హోటళ్ళు గది అద్దె మీద ఇంకొంత "ఇన్సిడెంటల్స్" పేరుతో కార్డు మీద ఆపడం మామూలేనట. దాని ఫారెక్స్ కార్డులో మొదటి నెలకని లెక్కపెట్టి వేసిన డాలర్లలో కొన్ని వందలు ఆగిపోయాయి. దుప్పటి కొనుక్కుందామని దుకాణానికి వెళ్తే కార్డు పనిచేయలేదు. అర్ధరాత్రి ఇంటికి ఫోన్ చేసి, డబ్బులు దొంగలెవరో తీసుకున్నారేమోనని ఏడ్చింది. ఆ దేశంలో పెట్రోలు బంకు దగ్గర కూడా ఇంతే. ఎంత పోసుకుంటామో ముందు తెలియదు కాబట్టి కొంత ఆపుతారు. వీసా, మాస్టర్‌కార్డ్ ఆ పరిమితిని 2022లో 125 డాలర్ల నుంచి 175 డాలర్లకు పెంచాయి. పిల్లల్ని పంపేటప్పుడు పచ్చళ్ళు, పొడులు తూకం వేసి మరీ సర్దుతాం. ఈ ఒక్క ముక్క చెప్పి పంపితే ఆ పిల్ల ఆ రాత్రి ఏడ్చేది కాదు.

హోటళ్ళ వైపు మాట కూడా వినాలి కదా. మా పెద్దమ్మ కొడుకు తాండూరులో ఒక లాడ్జి చూసుకుంటాడు. నాపరాళ్ళ బేరానికి, కందుల బేరానికి వచ్చేవాళ్ళు దిగుతారు. దసరా కథ చెప్పి కోప్పడితే నవ్వాడు.

"అక్కా, నీ తువ్వాలు మీద పసుపు మరక పడ్డది. మా కాడ తువ్వాలే పోతది. రిమోట్ పోతది, బల్బు పోతది. పొద్దుగాల్ల చాయ్ తాగొస్తనని బయటికి వోయినోడు మల్ల రాడు, రెండు రోజుల కిరాయి మునుగుతది. ఎవ్వని మొకం మీద రాసుంటది?"

అదీ నిజమే. చిన్న లాడ్జి నడిపేవాడికి రెండు రోజుల అద్దె పోతే ఆ వారం కరెంటు బిల్లు కష్టం. అతనికి ధైర్యం కావాలి. నేనడిగాను, "మరి నువ్వెంత తీసుకుంటవు?" అని. ఒక రోజు అద్దె అంత, నగదు, పుస్తకంలో రాసి సంతకం చేసి ఇస్తాడట. ఫోన్‌లో గది అడిగినప్పుడే చెప్తాడట. "గొడవ పెట్టుకునుడు నాకు మాత్రం ఇష్టమా?" అన్నాడు. ముందే చెప్తే గిరాకీ పోతుందేమో అంటే, "పోయేటోడు పోతడు, ఉండేటోడు తిట్టుకోకుంట ఉంటడు" అన్నాడు.

తాండూరులో ఒక చిన్న లాడ్జి చేయగలిగింది, పెద్ద పెద్ద ఫోన్ యాప్‌లు, హోటళ్ళు చేయలేవంటే నేను నమ్మను. ధర ఉన్న చోటే, ధర కింది వరుసలో, అదే సైజు అక్షరాల్లో "డిపాజిట్ ఇంత, ఇన్ని రోజుల్లో తిరిగి వస్తుంది" అని రాయడానికి ఏం ఖర్చు? రాయరు. ఎందుకంటే రాస్తే 1,100 గది 3,100 లాగా కనబడుతుంది. పక్క హోటల్‌తో పోల్చుకున్నప్పుడు చవకగా కనబడాలి. కాబట్టి ఆ చేదు మాట కౌంటర్ దాకా దాచిపెడతారు. కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి మన చేతిలో సంచులు, ఒళ్ళో నిద్రపోయే పిల్లలు, కాళ్ళు వాచిన ముసలివాళ్ళు. అప్పుడు కాదని ఎక్కడికి వెళ్తాం? అడ్వాన్స్ కూడా కట్టేసి ఉంటాం. నా అభ్యంతరం అంతా ఇక్కడే. డిపాజిట్ అడగడం తప్పు కాదు. కాదనే వీలు లేని చోట మొదటిసారి చెప్పడం తప్పు.

చట్టం ఏమంటుందో కూడా చూశాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో "అన్యాయమైన ఒప్పందం" అంటే ఏమిటో చెప్తూ, మొట్టమొదటి అంశంగానే, వినియోగదారుడి దగ్గర మరీ ఎక్కువ సెక్యూరిటీ డిపాజిట్ అడగడాన్ని పేర్కొన్నారు. చదివి సంతోషపడ్డాను. తర్వాత చూస్తే, అలాంటి ఫిర్యాదు జిల్లా కమిషన్‌లో కాదు, రాష్ట్ర కమిషన్‌లో వేయాలి. నాలుగు వేల కోసం పూడూరు నుంచి హైదరాబాద్ ఎవరు తిరుగుతారు? సేవకు డబ్బు తీసుకుని బిల్లు, రసీదు ఇవ్వకపోవడం కూడా అదే చట్టంలో తప్పే. మనకు దగ్గరి దారి 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఫోన్ చేసి ఫిర్యాదు రాయించవచ్చు.

బ్యాంకుల సంగతి వేరు. డబ్బు కట్ అయి, దుకాణానికి చేరకపోతే ఐదు రోజుల్లో దానంతటదే తిరిగి వేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్‌లో చెప్పింది. కానీ అది విఫలమైన లావాదేవీకి. మన డిపాజిట్ విఫలం కాలేదు, చక్కగా చేరింది. కాబట్టి ఆ వంద మనకు రాదు. హోటల్ రీఫండ్ పెట్టామని రుజువు చూపించినా బ్యాంకు వేయకపోతే, ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. హోటల్ తీరు మీద మాత్రం ఆయన ఏమీ చేయలేడు.

అంటే చట్టం ఉంది గానీ, అర్ధరాత్రి ఆసుపత్రి దగ్గర పనికొచ్చేంత దగ్గరలో లేదు. అక్కడ పనికొచ్చేది ముందు అడిగిన ఒక ప్రశ్న మాత్రమే.

ఆ ప్రశ్న అడగాల్సింది మనమే అంటాను నేను. ఎందుకంటే చాలా ఇళ్ళలో ఖర్చు లెక్క మనదగ్గర ఉంటుంది, కార్డు ఇంకొకరి జేబులో ఉంటుంది. బుక్ చేసేది పిల్లలు. కౌంటర్ దగ్గర మాట్లాడేది మగవాళ్ళు. మనం సామాన్ల దగ్గర కూర్చుంటాం. మా ఆయన చెడ్డవారేం కాదు, ఆయనకు ఆ నాలుగు వేలు రెండో రోజు అరకు బండివి అని తెలియదు, అంతే. నాకు తెలుసు. తెలిసిన నేను సోఫాలో కూర్చుని ఉన్నాను. పదిమందిలో పైసల కోసం వాదించడం బాగుండదని నోరు మూసుకున్నాను. కూరగాయల బండి దగ్గర ఐదు రూపాయల కోసం వాదించే నోరు, నాలుగు వేల దగ్గర ఎందుకు పెగలలేదో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి మార్చాం. గది బుక్ చేసే ముందు హోటల్‌కే నేరుగా ఫోన్ చేస్తాను. డిపాజిట్ ఉందా, ఎంత, నగదు ఇస్తే తీసుకుంటారా, ఎప్పుడు తిరిగి ఇస్తారు. ఈ నాలుగు అడిగి, చెప్పినదాన్ని మెసేజ్‌లో పెట్టమంటాను. పెట్టకపోతే ఆ హోటల్ వద్దనుకుంటాం. నోట్‌బుక్‌లో ఖర్చు గీత పక్కన "ఆగే డబ్బు" అని ఇంకో గీత గీశాను. దాన్ని లేనట్టే లెక్క. గదిలోకి వెళ్ళగానే తువ్వాళ్ళు, దుప్పట్లు, గీజర్, కుళాయి, అన్నీ ఫోన్‌లో ఫోటో తీయడం మా బిడ్డ పని. డబ్బంతా ఒకే ఖాతాలో పెట్టడం మానేశాం. హోటల్‌లో ఇచ్చే కార్డు వేరు, మందులకు ఉంచుకునే డబ్బు వేరు.

హోటళ్ళకు నేనడిగేది కూడా పెద్దదేం కాదు. ధర చెప్పిన నోటితోనే డిపాజిట్ చెప్పండి. కాగితం ఇవ్వండి. తీసుకున్న దారిలోనే, గది చూసిన వెంటనే తిరిగి ఇవ్వండి. డెబిట్ కార్డు ఇచ్చినవాళ్ళకు నగదు కట్టే వీలు ఉంచండి. అర్ధరాత్రి ఆసుపత్రి చీటీ చూపిస్తే, ఉన్నదాంట్లో సగమైనా చేతిలో పెట్టే అధికారం ఆ కౌంటర్‌లో అబ్బాయికి ఇవ్వండి. ఆ రాత్రి అతను కూడా ఇబ్బంది పడ్డాడని మా ఆయన అన్నారు. ఇవ్వాలని ఉన్నా అతని చేతిలో లేదు.

ఇది మనకు దూరపు సంగతి కూడా కాదు. శని, ఆదివారాలు వచ్చాయంటే హైదరాబాద్ నుంచి కార్లన్నీ మన్నెగూడ మీదుగా అనంతగిరి వైపే. గుట్టల చుట్టూ రిసార్టులు వచ్చాయి. మన వైపు తోటల్లో గదులు కట్టి అద్దెకు ఇస్తున్నవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ ఇళ్ళలో ఆ దుప్పట్లు ఉతికేది, గదులు చూసేది, వంట చేసేది ఆడవాళ్ళే. రేపు మనలో ఎవరైనా కౌంటర్ అవతలి వైపు నిలబడవచ్చు. అప్పుడు వచ్చిన కుటుంబంలో సోఫా మీద కూర్చున్న ఆడమనిషి వైపు కూడా ఒకసారి చూసి, లెక్క ఆమెకు వినబడేలా చెప్పండి.

మొన్న సంక్రాంతికి అత్తమ్మ ముందు మంత్రాలయం మాట ఎత్తాను. తుంగభద్రలో స్నానం చేయిద్దామని. ఒప్పుకుంది గానీ, నడుము సంచి సర్దుకుంటూ అడిగింది.

"ఈసారి పెట్టుకునే పైసలు ఎంతట?"

ఫోన్ చేసి కనుక్కుని చెప్పాను. ఐదు వందలు, నగదు, గది ఖాళీ చేసిన రోజే వాపస్.

"ఇగ పోదాం" అంది.